గవ్వల ఆటలో పదకొండో నంబరు

ఆ ఎండాకాలం మా వసారాలో ఒక మేకపోతుకు కూడా నాకన్నా ముందు బ్యాటింగ్ దొరికింది. తమాషాకు చెప్పడం లేదు. దాని పేరు మోతీ, ఐదో నంబరు. నా పేరు అరుంధతి, పదకొండో నంబరు. వినేవాళ్లకు నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో నా కడుపు ఎట్లా రగిలిపోయిందో నాకే తెలుసు.

ఎనభై మూడు సంగతి. మా అత్తగారి ఊరు బచ్చన్నపేట. మా ఆయన దామోదర్ జనగామలో పత్తి మిల్లులో గుమాస్తా, రోజూ బస్సులో పోయి వచ్చేవాడు. రేడియో గరగరలాడుతోందని పెంకుల మీదికెక్కి తీగ సవరించబోయి జారి వాకిట్లో పడ్డాడు. దవాఖానలో మోకాలి పైదాకా సిమెంటు పట్టీ వేసి, వానలు పడేదాకా మంచం దిగొద్దన్నారు. నోరు మూసుకుని పడుకోవడం ఆ మనిషికి చేతనవుతుందా? ఇంకో నెలలో లండన్‌లో ప్రపంచకప్పు ఉందట. నిద్రలో కూడా ఆయనకు క్రికెట్టే. మంచం మీద నుంచే ఆడే క్రికెట్టును ఆయనే పుట్టించాడు, దానికి కావలసిన సరంజామా మాత్రం నా పెట్టెలోంచి తీశాడు.

నర్సింహులపేటలో మా నానమ్మ గవ్వలతో పచ్చీసు ఆడేది. నేను కాపురానికి వచ్చేటప్పుడు ఆ గవ్వలను గుడ్డసంచిలో కట్టి నా పెట్టెలో పెట్టింది. వాటిలో నాలుగు తీసుకున్నాడు మా ఆయన. నాలుగూ కలిపి వేస్తే ఎన్ని వెల్లకిలా పడితే అన్ని పరుగులు. నాలుగూ బోర్లా పడ్డాయంటే ఆ మనిషి అవుట్. ఓవరుకు ఆరుసార్లు వేయాలి, ఇరవై ఓవర్లతో ఆట బంద్. బ్యాటింగ్ చేసేవాళ్లు ఎవరంటే ఇంట్లో మనుషులే. మా ఇల్లు ఒక జట్టు, పక్కింటి తాజుద్దీన్ ఇల్లు ఒక జట్టు. మా వాళ్లందరి తరఫునా గవ్వలు వేసేది మా ఆయనే.

తాజుద్దీన్‌ది సైకిల్ షాపు. పొద్దెక్కితే ఆ ఎండకు గిరాకీ ఉండదు కాబట్టి షాపు మూసి మా వసారాలో వచ్చి కూర్చునేవాడు. తన జట్టులో మొదటి నంబరు వాళ్లమ్మ చోటీ బీకి ఇచ్చాడు. రెండో నంబరు భార్య మున్నవర్ బేగంది. పదకొండు మంది కుదరక మేకపోతును కూడా కలుపుకున్నాడు. మోతీ పేరు చెప్పి గవ్వలు వేసినప్పుడల్లా వాకిట్లో వేపచెట్టుకు కట్టేసిన మేకపోతు వైపు చూసి, "ఏయ్ మోతీ, జర నిలబడి ఆడు" అనేవాడు. అది ఆకు నములుతూనే పరుగులు తీసేది.

నేను వంటింట్లో ఉంటాను, నాకు ఇవన్నీ సగం సగమే వినపడేవి. ఒకరోజు మజ్జిగ ఇవ్వడానికి వసారాలోకి వచ్చి, మంచం పక్కన పెట్టిన పలక చూశాను. మా జట్టు వరుస దాని మీద ఉంది. మొదటి నంబరు మా ఆయనే, సరే. రెండో నంబరు ఊర్మిళ. ఊర్మిళ అంటే మా మరిది దయాకర్ భార్య, మాఘమాసంలో కాపురానికి వచ్చిన పిల్ల. తర్వాత మామ, దయాకర్, అత్త. మొగుళ్లపల్లిలో కాపురం చేసుకుంటూ ఏడాదికోసారి చుట్టపుచూపుగా వచ్చే మా ఆడబిడ్డ సునంద, ఆమె మొగుడు, కొడుకు కూడా ఉన్నారు. నా కడుపున పుట్టిన నాలుగేళ్ల చంద్రికి తొమ్మిదో నంబరు. మా జీతగాడు పెంటయ్యకు పదో నంబరు. అన్నిటికన్నా కింద, పలక అంచుకు ఆనుకుని, నేను.

పలక మీద రాసింది ఎవరనుకున్నారు? ఊర్మిళే. హనుమకొండలో బి.ఏ. చదివింది కదా, పరుగులు రాయడానికి దాన్ని కూర్చోబెట్టారు. నేను పొయ్యి దగ్గర మిరపకాయలు వేయించి దగ్గుతుంటే, అది వసారాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, "బావా, మీరు యాభై దాటిన్రు" అంటుండేది.

"నన్ను గింత కింద ఎందుకు పెట్టినవ్?" అని అడిగాను.

"కిందేంది, మీదేంది. ఎక్కడో ఒక కాడ ఉండాలె గదా" అన్నాడు మా ఆయన, గవ్వలు చేతిలో గలగలలాడిస్తూ.

"నా ఆట ఎప్పుడన్న వచ్చిందా?"

ఆయన ఊర్మిళ వైపు చూశాడు. ఊర్మిళ పలక వైపు చూసింది. తాజుద్దీన్ నెత్తి గోక్కుని, "ఇంకా రాలే వదినె. గంత దాక పోనే లేదు. గప్పటికే ఓవర్లు ఖతమైతున్నయి" అన్నాడు పాపం, మర్యాదగానే.

మజ్జిగ గ్లాసులు అక్కడ పెట్టి వంటింట్లోకి వచ్చాను. నా పుట్టింటి గవ్వలు. ఊర్మిళకు రోజూ ముప్పైలూ నలభైలూ పెట్టేది నా నానమ్మ గవ్వలు. ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది, నేను దాచుకోను.

మా ఊర్మిళ చెడ్డదని చెప్పడానికి నాకు ఒక్క ముక్క దొరకలేదు, అదే నా బాధ. పిలిచిన వెంటనే పలికేది. అక్కా అక్కా అంటూ వెనక తిరిగేది. కూరగాయలు తరగమంటే నాకన్నా సన్నగా తరిగేది. నా చీరకు చిరుగు పడితే అడగకుండానే కుట్టిపెట్టింది, ఆ కుట్టు కనబడనే కనబడదు. అట్లాంటి మనిషి మీద కుళ్లుకోవడం ఎంత కష్టమో కుళ్లుకున్నవాళ్లకే తెలుస్తుంది.

ఆ వారంలోనే అసలు సంగతి వచ్చిపడింది. సాయంత్రం అన్నాల దగ్గర మామ చెప్పాడు, ఊళ్లో బాల్వాడి పెడుతున్నారని. చిన్నపిల్లలకు పాటలు, అక్షరాలు, మధ్యాహ్నం ఉప్మా. టెన్త్ పాసై, ఈ ఊళ్లోనే కాపురం ఉండే ఆడమనిషి కావాలట. వచ్చే గురువారం జనగామ నుంచి మేడం జీపులో వచ్చి మాట్లాడుతుందట. ఇంటికి ఒక్క పేరే ఇవ్వాలని సర్పంచి అన్నాడట.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. మానుకోటలో హాస్టల్లో ఉండి టెన్త్ చదివాను నేను. ఫస్టు క్లాసు. అందరూ మహబూబాబాద్ అని రాసుకునే ఆ ఊరిని నేను ఇప్పటికీ మానుకోట అనే అంటాను. ఇంకా చదువుతానంటే మా నాయిన పెళ్లి చేశాడు. కాపురానికి వచ్చిన కొత్తల్లో టీచర్ ట్రైనింగ్ పోతానంటే మా ఆయన వచ్చే ఏడు చూద్దామన్నాడు. వచ్చే ఏడు చంద్రి కడుపులో పడింది. ఆ తర్వాత ఏడు అత్తకు కంటి ఆపరేషన్. పిల్లల ముందు నిలబడి చేతిలో సుద్దముక్క పట్టుకోవాలన్న ఆశ మాత్రం నన్ను వదల్లేదు.

"మన ఊర్మిళ ఉన్నది గదా, బి.ఏ." అన్నాడు మా ఆయన మంచం మీద నుంచి.

మామ తలూపాడు. అత్త కూడా, "చదువుకున్న పిల్ల ఇంట్ల కూసోని ఏం జేస్తది" అంది. దయాకర్ ముఖం వెలిగిపోయింది. ఊర్మిళ తలకాయ వంచుకుంది, కానీ చెవులు ఎర్రబడ్డాయి. దానికీ ఇష్టమే. ఎందుకు ఉండదు?

అందరూ చేతులు కడుక్కున్నాక మంచం దగ్గరికి పోయాను. "నేను గూడ టెన్త్ పాసైన" అన్నాను.

"తెలుసే. నీది తర్వాత చూద్దాం. ఎవలు ముందైతే ఏంది, ఎవలు ఎనకైతే ఏంది. ఒక్క ఇల్లే గదా."

"తర్వాత అంటే?"

"ఇంకో బాల్వాడి పడకపోతదా" అని అటు తిరిగి పడుకున్నాడు. ఆకాశానికి ఇంకో చందమామ రాకపోతాడా అన్నట్టు ఉంది ఆయన ధైర్యం. బచ్చన్నపేటకు ఇంకో బాల్వాడి ఎప్పుడు పడాలి, నేను ఎప్పుడు పోవాలి.

మర్నాటి నుంచి నాకొక పిచ్చి పట్టింది. పదకొండో నంబరులో ఉన్నందుకే నా ఆట రావడం లేదా, లేక నా పేరుకే అదృష్టం లేదా? ఇది తేలితే గానీ అన్నం సహించదనిపించింది. మధ్యాహ్నం ఆట అయిపోయి, తాజుద్దీన్ నమాజుకు పోయి, మా ఆయన గురక పెట్టడం మొదలవగానే దిండు కింది నుంచి గవ్వలు తీసుకుని వంటింట్లోకి వచ్చేదాన్ని. తలుపు దగ్గరికి వేసి, పేడతో అలికిన నేల మీద ముగ్గుపిండితో పేర్లలో మొదటి అక్షరాలు పెట్టేదాన్ని. ఎవరికి పరుగులు వస్తే వాళ్ల అక్షరం పక్కన గీతలు.

మొదట నన్నే ముందు పెట్టుకున్నాను. నా పక్కన గీతలు పొయ్యిగడ్డ దాకా పోయాయి. ఊర్మిళను పదకొండులో పెట్టాను, దాని అక్షరం పక్కన నేల ఖాళీ. ఎంత చల్లగా అనిపించిందో. మర్నాడు ఊర్మిళను ముందు పెడితే గీతలన్నీ దానికే పోయాయి. ఆ పైరోజు కోపంతో పెంటయ్యను ముందు పెట్టాను. పెంటయ్య పేరు మీద వచ్చినన్ని పరుగులు ఎవరి పేరు మీదా రాలేదు. ఆఖరికి మోతీని తెచ్చి మా జట్టులో మొదటి నంబరు ఇచ్చాను. మేకపోతు కూడా మొనగాడై కూర్చుంది.

అప్పుడు తెలిసింది నాకు. గవ్వకు ఎవరి పేరూ పట్టదు. ఒక్కొక్క వేటుకు చూస్తే ఎవరికైనా ఒకటే లెక్క, ఊర్మిళకు పడ్డట్టే నాకూ పడుతుంది. కానీ ముందున్నవాళ్ల పేరు మీద గవ్వలు ఎక్కువసార్లు పడతాయి. పదకొండో నంబరు దాకా వచ్చేసరికి ఇరవై ఓవర్లు అయిపోతాయి. ఆట రానివాళ్లు ఆడలేనివాళ్లయిపోతారు, పలక మీద చూసేవాళ్లకు ఆ రెండిటికీ తేడా కనిపించదు.

ఇట్లా నేల మీద వంగి గీతలు చూసుకుంటూ ఉంటే తలుపు కిర్రుమంది. ఊర్మిళ. మంచినీళ్లకు వచ్చిందట.

"ఇదేం ముగ్గు అక్కా?"

అది చెంబు పట్టుకుని అట్లాగే నిలబడి, పైనుంచి కిందిదాకా అక్షరాలు చదివింది. అన్నిటికన్నా కింద "ఊ" ఉంది. దాని పక్కన ఏమీ లేదు. చదువుకున్నది కదా, అర్థం కావడానికి ఎంతసేపు? పాదం పెడితే ఎక్కడ చెరిగిపోతుందోనని అంచు పట్టుకుని నడిచి, నీళ్లు ముంచుకుని వెళ్లిపోయింది. నన్ను ఏమన్నా అంటే తిరిగి నాలుగు అని దులిపేసుకుందును. అనకపోవడంతో రాత్రి దాకా ఒళ్లు మండుతూనే ఉంది.

మేడం వచ్చే గురువారానికి ముందు రోజు మధ్యాహ్నం ఆట మొదలుపెట్టబోతుంటే నేను వసారాలోకి పోయి మంచం ముందు నిలబడ్డాను. చేతికి పిండి అంటుకునే ఉంది.

"ఇయ్యాల నన్ను ముందు పెట్టు" అన్నాను.

మా ఆయన నవ్వాడు. "గదేం లొల్లి? ఎవలు ముందు ఆడినా ఏం ఫరక్ పడుతదే. గవ్వకు పేరు తెలుస్తదా?"

"తెల్వది. ఫరక్ లేదు గదా. అయితే నన్నే ముందు పెట్టు."

"పెట్టొచ్చు గని" అన్నాడు.

"గని?"

"ఇన్ని దినాల సంది గిదే వరుస ఉన్నది. మార్చితే ఎట్లనో ఉంటది."

తాజుద్దీన్ బీడీ ఆర్పేసి, "అన్నా, ఫరక్ లేదని నువ్వే అంటివి. మల్ల పరేషాన్ ఎందుకు? ఫరక్ లేకుంటే మార్చు. ఉంటే ఉన్నదను" అన్నాడు.

మా ఆయనకు ముఖం మీద చెమట పట్టింది. పట్టీ లోపల దురద పెట్టినట్టు కాలు కదిలించాడు. "నేనేం ఆలోచన చేసి పెట్టలేదే" అన్నాడు చివరికి. "మనింట్ల బువ్వ తినే వరుస ఏదుంటదో గదే ఏసిన. మందుగోలీలు ఏసుకోవాలని నాకు ముందు పెడుతవు. కొత్త కోడలని మీ అత్త ఊర్మిళను నాతోని కూసోబెడుతది. గట్లనే ఒకలెనక ఒకలు. పెంటయ్య చేను కాడికి పోవాలని తినిపోతడు. ఆఖరికి నువ్వు తింటవు. అంతే."

అంతే అన్నాడు. నేను ఊర్మిళ మీద మోజు పడ్డాడనుకున్నాను, నా ముఖం చూడబుద్ధి కావడం లేదేమోననుకున్నాను, ఇంకా ఏవేవో అనుకుని ఏడ్చాను. అవేవీ కాదు. నా మీద కోపం తెచ్చుకోవడానికైనా ఆయన నా గురించి కాస్త ఆలోచించి ఉంటే బాగుండేది. అన్నం గిన్నె దగ్గర ఆరేళ్లుగా గరిటె పట్టుకుని నిలబడ్డదాన్ని, నా చోటు అదేనని ఆయన కళ్లకు అలవాటైపోయింది. నా కళ్లకు కూడా.

"బువ్వ కాడ నేను ఎనక తింట. గిది బువ్వ కాదు" అన్నాను.

ఊర్మిళ తడిగుడ్డతో పలక తుడిచింది. పైన నా పేరు రాసింది. కింద, అంచు దగ్గర, తన పేరు రాసుకుంది. ఎవరూ చెప్పలేదు దానికి.

మా ఆయన గవ్వలు తీసి, నాకోసం వేశాడు. ఎట్లా వేశాడంటే, తనకూ ఊర్మిళకూ అయితే చెవి దగ్గర పెట్టుకుని గలగలలాడించి, ఉఫ్ అని ఊది వేస్తాడు. నాకు మాత్రం చేతిలో దుమ్ము దులిపినట్టు వదిలాడు. నాలుగూ బోర్లా పడ్డాయి. మొదటి వేటుకే అవుట్.

"చూసినవా?" అని ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. తాజుద్దీన్ కూడా నవ్వు ఆపుకోలేక తువ్వాల మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

"అవుటైతే అయిన. నా ఆట వచ్చింది గదా" అన్నాను. అని అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాను. పొయ్యి మీద అన్నం ఉందని తెలుసు, అయినా లేవలేదు. ఆ రోజు మావాళ్లందరూ బాగానే ఆడారు. పెంటయ్య కూడా ఆడాడు. ఇరవై ఓవర్లు అయిపోయాయి.

"నాది రానే లేదు" అంది ఊర్మిళ. మెల్లగా, తనలో తనే అనుకున్నట్టు అంది. రోజూ నలభైలు కొట్టిన పిల్ల, పలక చేతిలో పట్టుకుని చిన్నబోయిన ముఖంతో అట్లా కూర్చుంది. తర్వాత లేచి వంటింట్లోకి పోయింది. గిన్నెలు చప్పుడయ్యాయి. ఊర్మిళ చేతిలో గిన్నెలు చప్పుడు కావడం అదే మొదటిసారి. నాకు ఎంత హాయిగా అనిపించిందంటే, ఆ పూట దాని కంచంలో నేనే ఇంకో గరిటె మీగడ పెరుగు వేశాను.

గురువారం వచ్చింది. నేను పొద్దున్నే తలస్నానం చేసి, పెట్టెలోంచి నేత చీర తీసి కట్టుకున్నాను. అత్త నా వైపు వింతగా చూసింది. చూస్తే చూసింది. రాత్రంతా మనసులో ఒకటే మాట అనుకుంటూ పడుకున్నాను. జీపు రాగానే నీళ్లు తీసుకుపోవాలి, గ్లాసు ఇస్తూ, "మేడం, నేను టెన్త్ ఫస్టు క్లాసు, నా పేరు రాసుకోండ్రి" అనాలి. ఆ మాటను ఎన్నిసార్లు దువ్వి పెట్టుకున్నానో.

మేడం లావుపాటి కళ్లద్దాలు పెట్టుకుని, ఎండకు చెంగు తల మీద కప్పుకుని వచ్చింది. వసారాలో కుర్చీ వేశాం. మామ పక్కన నిలబడ్డాడు, మా ఆయన మంచం మీదే కొంచెం లేచి కూర్చున్నాడు. నేను గ్లాసు పట్టుకుని గడప దాకా వచ్చాను. ఊర్మిళ నా వెనకే బెల్లంముక్క గిన్నెలో పెట్టుకుని వచ్చింది.

"మీ ఇంట్ల చదువుకున్న ఆడపిల్లలు ఉన్నరట గదా. ఏం పేరు రాసుకోవాలె?" అంది మేడం.

"మా చిన్నకోడలమ్మా. ఊర్మిళ. బి.ఏ. చదివింది" అన్నాడు మామ, గర్వంగా.

నేను నోరు తెరిచాను. ఒట్టు, తెరిచాను. మాటకు బదులు గ్లాసు ముందుకు చాచాను.

"నాది తర్వాత చూద్దురు మామా" అంది ఊర్మిళ నా భుజం పక్కనుంచి. "అక్కది రాయుండ్రి మేడం. అరుంధతి. టెన్త్ ఫస్టు క్లాసు."

మామ తిరిగి చూశాడు. దయాకర్ వాకిట్లో నాగలికర్ర చెక్కుతున్నవాడు చెయ్యి ఆపేశాడు. మేడం కళ్లద్దాలు పైకి తోసుకుని, "నువ్వు బి.ఏ. గదమ్మా, నీకెందుకు వద్దు?" అంది.

"వద్దని కాదు మేడం, నాకు గూడ కావాలె. నాకు ఇంకో కాడ వస్తది. అక్క ఆట రాకముందే ఓవర్లు అయిపోతున్నయి."

"ఓవర్లేంది?"

మా ఆయన మంచం నవారు వైపే చూస్తున్నాడు. "అరుంధతి పేరే రాయుండ్రి మేడం. పిల్లలకు బాగ చెప్తది" అన్నాడు. అన్నాడు గానీ తల మాత్రం ఎత్తలేదు. మేడం నన్ను రెండు మాటలు అడిగింది, నేను చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. బాల్వాడి నాకే వచ్చింది.

సంతోషం కాలేదా అంటే అయింది. పొయ్యి దగ్గర కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. కానీ ఆ మాట నేను అనాల్సింది. రాత్రంతా దువ్వుకున్న మాట. నా ఆటను నేను అడిగి తీసుకోవాల్సింది. ఊర్మిళ నాకు తీసిచ్చింది. మంచితనంలో కూడా నాకన్నా ముందు నంబరు దానిదే అయిపోయింది, ఇక నేను ఎక్కడని కుళ్లుకోను? ఊళ్లో అందరూ ఊర్మిళనే మెచ్చుకున్నారు. మున్నవర్ బేగం గోడ మీంచి, "నీ తోడికోడలు బంగారం వదినె" అంది. బంగారమే. నేను కాదన్నానా.

ఆ సాయంత్రం ఎండ తగ్గాక తాజుద్దీన్ వచ్చాడు. ఆట పెడదామన్నాడు. ఊర్మిళ పలక తీసింది. "నేను, అక్క ఇద్దరం ముందు ఆడుతం" అని ఇద్దరి పేర్లూ పైన రాసింది. మా ఆయన పేరు అన్నిటికన్నా కింద రాసింది. ఆయన చూశాడు.

"నాయి నేనే వేసుకుంట" అని చెయ్యి చాచాను. ఆయన గవ్వలు నా అరచేతిలో పెట్టాడు. నానమ్మ తర్వాత అవి నా చేతిలో అట్లా అందరి ముందు గలగలలాడడం అదే మొదలు. చెవి దగ్గర పెట్టుకున్నాను, ఉఫ్ అని ఊదాను, వేశాను. రెండు పరుగులు. మళ్లీ వేశాను. మూడు. ఊర్మిళ దాని వంతు అది వేసింది. వసారాలో కూర్చుని ఇద్దరం ఆడుతుంటే, అత్త వచ్చి గుమ్మంలో నిలబడి, "ఇయ్యాల బువ్వ ఎవలు వండుతున్రు?" అంది. ఎవరూ లేవలేదు. కాసేపు చూసి ఆమే పొయ్యి వెలిగించింది.

ఇరవై ఓవర్లు అయిపోయాయి. మా ఆయన వంతు రాలేదు. "మల్ల ఆడుదామా?" అని అడిగాడు, చంద్రి మిఠాయి అడిగినట్టు. తాజుద్దీన్ తల అడ్డంగా ఊపి, "ఓవర్లు ఖతం అన్నా" అన్నాడు.

ఊర్మిళ పలక నా వైపు తిప్పింది. నాకు ఇరవై రెండు. దానికి నలభై ఒకటి.

గవ్వకు పేరు తెలియదని నాకు తెలుసు. మేకపోతును ముందు పెట్టి, నేలంతా ముగ్గుపిండి చేసుకుని మరీ తేల్చుకున్నదాన్ని. ఇద్దరం పక్కపక్క నంబర్లలో ఆడాం, నా చేత్తో నేనే వేశాను, అవి నా పుట్టింటి గవ్వలు. ఇక ఎవరిని అనాలి? అయినా నా కడుపు మండింది. గవ్వలు సంచిలో కట్టి నా పెట్టెలో పెట్టి తాళం వేశాను. రేపు మళ్లీ ఆడుదాం అక్కా అంది ఊర్మిళ. ఆడుదామన్నాను.